చెరువులో లెమ్నా పాలిపోతోంది: ఫ్లేమ్ రిటార్డెంట్ల పనా, రాగి పనా? ఎలా తేల్చాలి?

‘గట్టుమీద’ అనే పేరుతో ఒకరు చర్చా వేదికలో అడిగిన ప్రశ్న (కింది జవాబుల పైన ఉన్నవీ రాసినవాళ్ల పేర్లే):

ఒక చెరువు శిఖం అంచున పాత టీవీలు, కంప్యూటర్ బోర్డులు, వైర్లు తగలబెట్టి రాగి తీసే చోటు ఉంది. వానాకాలంలో ఆ బూడిద కడిగిన నీళ్లు చిన్న కాలువ గుండా చెరువులోకి దిగుతాయి. కాలువ కలిసే మూలన లెమ్నా (నీటిమీద చిన్న పచ్చ రేకులుగా తేలే మొక్క) పాలిపోయింది. వేళ్లు పొట్టిగా ఉన్నాయి. మామూలుగా మూడు నాలుగు రేకులు కలిసి తేలాల్సినవి ఒక్కొక్కటిగా విడిపోతున్నాయి. నీళ్లలో మునిగి పెరిగే వాలిస్నేరియా, హైడ్రిల్లా అక్కడ బాగా పలచబడ్డాయి. వింతేమిటంటే అదే మూలన సెరాటోఫిల్లమ్ అనే మరో మునిగే మొక్క మాత్రం గుబురుగానే ఉంది. అలుగు వైపు అన్నీ మామూలే.

త్వరగా మంట అంటుకోకుండా ప్లాస్టిక్‌లో కలిపే ఫ్లేమ్ రిటార్డెంట్ల (మంట నిరోధకాల) వల్లే ఇదంతా అని చెప్పుకుంటున్నారు. అది నిజమో కాదో తేల్చాలంటే ఏం చేయాలి? నీళ్లు పరీక్షకి పంపాలా, మట్టి పంపాలా? లెమ్నాతో చిన్న కాలేజీ ల్యాబ్‌లో చేయగలిగే పరీక్ష ఏదైనా ఉందా? ఎండాకాలంలో పూడిక తీస్తారు కాబట్టి జవాబు అంతకు ముందే కావాలి.

---

బెంచ్‌నోట్స్:

ముందు రాగిని అనుమానించండి. బోర్డులు, వైర్లు కాల్చిన బూడిదలో రాగి, సీసం, జింకు, యాంటిమనీ దండిగా ఉంటాయి. పట్టి ఉంచే సేంద్రియ పదార్థం తక్కువగా ఉన్న మెత్తని నీళ్లలో, లీటరుకు మిల్లీగ్రాములో పదో వంతు రాగి ఉన్నా లెమ్నా ఎదుగుదల మందగిస్తుంది. మంట నిరోధకాలు నీళ్లలో కరిగి ఆ స్థాయికి చేరడం అరుదు. నదుల్లో, చెరువుల్లో అవి సాధారణంగా లీటరుకు నానోగ్రాముల నుంచి కొన్ని మైక్రోగ్రాముల దాకా కనిపిస్తాయి. ప్రయోగశాలలో నాచును, లెమ్నాను వారంలోపు కుంగదీసిన మోతాదులు చాలావరకు మిల్లీగ్రాముల్లో ఉన్నవే. ఈ తేడాను పక్కన పెట్టి "ఫ్లేమ్ రిటార్డెంట్ వల్ల మొక్కలు చచ్చాయి" అని రాస్తే కాలుష్య నియంత్రణ మండలి దగ్గర మీ ఫిర్యాదు మొదటి ప్రశ్నకే పడిపోతుంది.

అలాగని వాటిని కొట్టిపారేయకూడదు. అక్కడ కాలుతున్న సామాను ఏమిటో చూడండి. పాత టీవీ వెనక డబ్బా హై ఇంపాక్ట్ పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్. అందులో డెకా-బీడీఈ (పొట్టిగా డెకా) అనే బ్రోమిన్ ఉన్న మంట నిరోధకాన్ని బరువులో 10 నుంచి 15 శాతం దాకా కలిపేవారు, తోడుగా యాంటిమనీ ట్రయాక్సైడ్ వేసేవారు. డెకా ప్లాస్టిక్‌తో రసాయన బంధం లేకుండా ఊరికే కలిసి ఉంటుంది కాబట్టి పొడి అయినా, వేడెక్కినా బయటికొస్తుంది. బోర్డుల కథ వేరు. ఎఫ్ఆర్-4 రకం బోర్డుల్లో టీబీబీపీఏ అనే బ్రోమిన్ పదార్థం ఎపాక్సీలో భాగమైపోతుంది. రెసిన్ బరువులో ఐదో వంతు దాకా బ్రోమినే అయినా, బోర్డు నీళ్లలో పడి ఉన్నంత మాత్రాన పెద్దగా ఊడిరాదు. కాల్చినప్పుడే అసలు చిక్కు. రాగి ఉత్ప్రేరకంగా పనిచేసి బ్రోమినేటెడ్ డయాక్సిన్లు అనే తీవ్రమైన విషాలు కూడా పుడతాయి. సోఫా, కారు సీట్ల నురుగు ఉంటే టీసీపీపీ లాంటి క్లోరిన్ ఉన్న ఫాస్ఫేట్లు, పాత ఇన్సులేషన్ థర్మకోల్ ఉంటే హెచ్‌బీసీడీ అనే మరో బ్రోమిన్ పదార్థం ఉండొచ్చు.

ఏళ్ల తరబడి చెడిపోని విషాలను అదుపు చేసే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందంలో డెకా చుట్టాలైన పెంటా, ఆక్టా-బీడీఈలు 2009లో, హెచ్‌బీసీడీ 2013లో, డెకా 2017లో చేరాయి. మన దేశంలో ఎలక్ట్రానిక్ సామానులో పీబీడీఈలు (ఈ బీడీఈ కుటుంబం) 0.1 శాతం దాటకూడదన్న పరిమితి 2012లో అమల్లోకి వచ్చిన ఈ-వేస్ట్ నిబంధనల నుంచీ ఉంది. గుట్టల్లో కాలేవి ఎక్కువగా దానికి ముందు తయారైన సామాన్లే.

---

జమ్ముగడ్డి:

పై జవాబు సరైనదే గానీ, ప్రశ్నలో ఉన్న అసలు ఆధారం మీద ఆగలేదు. సెరాటోఫిల్లమ్ బాగుంది, వాలిస్నేరియా పలచబడింది అన్నారు. సెరాటోఫిల్లమ్‌కి వేళ్లే ఉండవు, కావలసినదంతా నీళ్లలోంచే తీసుకుంటుంది. వాలిస్నేరియా, హైడ్రిల్లా బురదలో వేళ్లూనుకుంటాయి. నీళ్లలోనే రాగి కరిగి ఉంటే సెరాటోఫిల్లమ్ కూడా దెబ్బతినాలి, రాగికి అదేమీ మొండి మొక్క కాదు. కాబట్టి విషం బురదలో ఉందని నా అనుమానం. లెమ్నా మరి తేలే మొక్క కదా అంటారేమో. నీటి పైపొర చూడండి. నూనె చాయలు, మసి తేలుతుంటే, నీళ్లంటే గిట్టని పదార్థాలన్నీ ఆ సన్నని పొరలోనే చేరతాయి. లెమ్నా రేకు అడుగుభాగం రోజంతా దానికి అంటుకునే ఉంటుంది.

బురదలో రాగి కూడా ఉంటుంది కాబట్టి ఇది రుజువు కాదు. ఎటు వెతకాలో మాత్రం చెబుతుంది.

మంట నిరోధకాలు మొక్కలో ఏం చేస్తాయంటే, నీళ్లలో మునిగి ఉండే ఆకుకు పైపూత చాలా పలచన, కాబట్టి వేరుతో పని లేకుండా ఆకే పీల్చుకుంటుంది. లోపలికి ఎంత పోతుందన్నది పదార్థాన్ని బట్టి మారుతుంది. టీసీపీపీ లాంటిదే అయిన టీసీఈపీ నీళ్లలో బాగా కరుగుతుంది, లీటరుకు 7 గ్రాముల దాకా. అందుకే సులువుగా లోపలికి పోయి, నీటి ప్రవాహంతో పైకి తిరుగుతుంది. మురుగు శుద్ధి కేంద్రాలు కూడా దాన్ని పెద్దగా ఆపలేవు. మరో కొసన బీడీఈ-209, అంటే డెకా. అణుభారం 959, నీళ్లలో దాదాపు కరగదు. వేరు పైపొరకీ, దాని మీది జిగురు పొరకీ అతుక్కుపోతుంది. లోపలికి వెళ్లేది చాలా తక్కువ. అయితే ఎండ తగిలినా, గాలి అందని బురదలో బ్యాక్టీరియా పనిచేసినా దాని బ్రోమిన్లు ఒక్కొక్కటే ఊడి చిన్న బీడీఈలు తయారవుతాయి. అవి డెకా కంటే సులువుగా కదులుతాయి. మొక్క తన ఎంజైములతో వాటికి హైడ్రాక్సిల్ తగిలించి వదిలించుకోవాలని చూస్తుంది. ఆ హైడ్రాక్సీ రూపాలు కణంలో శక్తి తయారీని అసలు పదార్థం కంటే ఎక్కువగా చెడగొడతాయి. మొక్క చేసుకున్న వైద్యమే దానికి ఎదురు తిరుగుతుందన్నమాట.

దెబ్బ ముందుగా పడేది కిరణజన్య సంయోగక్రియ మీద. ఆకులో వెలుతురును పట్టే థైలకాయిడ్ పొరల్లో ఇవి చేరితే, అక్కడ ఎలక్ట్రాన్లను కదిపే ఫోటోసిస్టమ్-2 నుంచి ఎలక్ట్రాన్లు దారి తప్పి ఆక్సిజన్ మీద పడతాయి. అక్కడ పుట్టే చురుకైన ఆక్సిజన్ రూపాలు పొరల కొవ్వును కుళ్లబెడతాయి. వాటిని అణిచే ఎస్ఓడీ, కెటలేజ్ ఎంజైములు మొదట పెరుగుతాయి, మోతాదు మించితే పడిపోతాయి. ఒక్క రోజు కొలిచి "ఎంజైమ్ పెరిగింది, విషం ఉంది" అనడం అందుకే తప్పు. క్లోరోఫిల్ ఫ్లోరెసెన్స్ మీటర్ దొరికితే ఆకును 20 నుంచి 30 నిమిషాలు చీకట్లో ఉంచి కొలవండి. ఆరోగ్యంగా ఉన్న ఆకులో మీటర్ చూపే ఎఫ్‌వి/ఎఫ్ఎమ్ నిష్పత్తి (ఫోటోసిస్టమ్-2 ఎంత బాగా పనిచేస్తోందో చెప్పేది) 0.8 చుట్టుపక్కల ఉంటుంది. ఇది కూడా రాగికీ బ్రోమిన్ పదార్థాలకీ తేడా చెప్పదు, రెండూ తగ్గిస్తాయి.

---

పలుచనిద్రావణం:

తేడా తేల్చే పని పరీక్ష రూపకల్పనలో ఉంది. మూడు అంచెలు: లెమ్నా పరీక్ష, విషాన్ని విడదీసే పరీక్ష, చివరికి యంత్రంతో కొలత. ఖర్చు చివరిదానికే ఎక్కువ కాబట్టి ఈ వరసలోనే వెళ్లండి.

లెమ్నా. ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ లెమ్నా కోసం ఇచ్చిన 221వ నంబరు ప్రామాణిక పద్ధతి చిన్న ల్యాబ్‌కి సరిపోతుంది. అలుగు వైపు నుంచి కాదు, ఈ కాలువతో సంబంధం లేని వేరే చెరువు నుంచి లెమ్నా తెచ్చి కనీసం ఎనిమిది వారాలు పరీక్ష నీళ్లు, వెలుతురుకే అలవాటు చేయండి. గాజు బీకర్లే వాడండి. ప్లాస్టిక్ ఈ పదార్థాలను గోడకే పీల్చేసుకుంటుంది. ఒక్కోదాంట్లో కనీసం 100 మిల్లీలీటర్లు, లోతు 2 సెంటీమీటర్లకు తగ్గకుండా. మొదట్లో 9 నుంచి 12 రేకులు, 24 డిగ్రీలు, 6,500 నుంచి 10,000 లక్స్ ఆగని వెలుతురు, ఏడు రోజులు. ఒక్కో పలుచదనానికి కనీసం మూడు బీకర్లు, కంట్రోల్‌కి (కాలువ నీళ్లు కలపనిది, పోల్చి చూడడానికి) ఆరు పెడితే మంచిది. కాలువ నీళ్లను 100 శాతం నుంచి ప్రతిసారీ సగం చేస్తూ ఐదు మెట్లు పలచన చేయండి. 3వ రోజున, 5వ రోజున నీళ్లు మార్చండి.

కంట్రోల్‌లో రేకులు రెండున్నర రోజుల్లోపు రెట్టింపు కావాలి, అంటే వారంలో సుమారు ఏడింతలు. కాకపోతే ఆ పరీక్ష పారేసి మళ్లీ మొదలుపెట్టాలి. ఇక్కడ చాలామంది వెలుతురు తక్కువ పెట్టి దెబ్బతింటారు.

లెక్కలో జాగ్రత్త. కంట్రోల్‌లో 12 రేకులు 84 అయ్యాయనుకుందాం, కాలువ నీళ్లలో 48. పెరిగిన రేకుల్ని పోలిస్తే 72 చోట 36, అంటే సగం తగ్గినట్టు. ఎదుగుదల వేగం లెక్కిస్తే, అంటే రేకుల సహజ లాగరిథం తేడాని రోజులతో భాగిస్తే, కంట్రోల్ 0.278, కాలువ నీళ్లు 0.198. తగ్గుదల 29 శాతమే. రెండూ తప్పు కాదు, కానీ ఏది వాడారో రాయకపోతే మీ అంకెను ఇంకొకరి అంకెతో పోల్చలేరు. వేగాన్నే వాడండి. రేకుల లెక్కతో పాటు వేరు పొడవు కూడా కొలవండి, రేకుల సంఖ్య తగ్గకముందే వేరు పొట్టిబడడం మామూలు.

క్లోరోఫిల్‌కి 0.1 గ్రాము తడి మొక్కను 80 శాతం అసిటోన్ 10 మిల్లీలీటర్లలో నూరి, చీకట్లో ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచి, వడగట్టి 663, 645 నానోమీటర్ల దగ్గర చూడండి. క్లోరోఫిల్-ఏ లీటరుకు మిల్లీగ్రాముల్లో: 663 రీడింగును 12.7తో గుణించి, 645 రీడింగును 2.69తో గుణించి తీసేయండి.

విడదీయడం. కాలువ నీళ్లని మూడు పాళ్లు చేయండి. ఒకటి ఉన్నదున్నట్టు. రెండోదానికి ఈడీటీఏ కలపండి, లోహాలను పట్టేస్తుంది. మూడోదాన్ని సీ-18 కార్ట్‌రిడ్జ్ గుండా పంపండి, సేంద్రియ విషాలు అందులో ఆగిపోతాయి. ఈడీటీఏ వేసిన దాంట్లో లెమ్నా కోలుకుంటే లోహం. కార్ట్‌రిడ్జ్ గుండా వెళ్లిన దాంట్లో కోలుకుంటే సేంద్రియ పదార్థం. రెండింట్లోనూ సగం సగం కోలుకుంటే రెండూ ఉన్నట్టే, ఇలాంటి చోట్ల ఎక్కువగా జరిగేది అదే.

బురదకీ ఇదే ఆలోచన. మెత్తగా పొడిచేసిన కొబ్బరి చిప్ప యాక్టివేటెడ్ బొగ్గు తడి బురద బరువులో సుమారు 15 శాతం కలిపితే సేంద్రియ విషాలు దానికి అంటుకుంటాయి. లోహాలకి కేటయాన్ రెసిన్, అమ్మోనియాకి జియోలైట్. అమ్మోనియాని మరవకండి, కుళ్లిన బురదలో అదొక్కటే వేళ్లని చంపగలదు. బొగ్గు కలిపిన ప్రతి కుండీకి జతగా, అంతే బరువు కడిగిన ఇసుక కలిపిన కుండీ ఉండాలి. లేకపోతే బురద పలచబడ్డందుకు కోలుకుందో బొగ్గు పట్టినందుకు కోలుకుందో తెలియదు. ఈ కుండీల్లో వాలిస్నేరియా నాటండి, రెండు వారాలు చూడండి.

కొలత. పై 5 సెంటీమీటర్ల బురద, స్టీల్ గరిటెతో. అసిటోన్, హెక్సేన్‌తో కడిగిన గాజు సీసాలో, మూత కింద అల్యూమినియం రేకు. ఎండ తగలనీయకండి, డెకా దారిలోనే విరిగిపోతుంది. కాలువ మూల, చెరువు నడుమ, అలుగు, ఇంకో చెరువు: కనీసం నాలుగు చోట్లు. వాటితో పాటు సీసా తెరిచి మూసిన ఖాళీ నమూనా ఒకటి. టీసీపీపీ, టీపీహెచ్‌పీ లాంటి ఫాస్ఫేట్ మంట నిరోధకాలు కారు సీటు దుమ్ములోనూ ఉంటాయి కాబట్టి ఖాళీ నమూనా లేని ఫలితం నమ్మదగింది కాదు.

---

బెంచ్‌నోట్స్:

పలుచనిద్రావణం గారి పద్ధతిలో ఒక గుంట ఉంది. లెమ్నా పెంచే పోషక ద్రావణాల్లో ముందే ఈడీటీఏ ఉంటుంది, ఇనుము పడిపోకుండా. ఆ ద్రావణంతో కాలువ నీళ్లని పలచన చేస్తే రాగి సగం అక్కడే కట్టుబడిపోతుంది, "లోహం కాదు" అని తప్పు ఫలితం వస్తుంది. పలచన చేయడానికి శుభ్రమైన చెరువు నీళ్లు వాడండి. పోషకాలు తప్పనిసరి అయితే ఈడీటీఏ లేకుండా కలపండి. ఇంకోటి, విడదీయడానికి వేసే ఈడీటీఏ మోతాదును ముందు శుభ్రమైన నీళ్లలో పరీక్షించండి. ఎక్కువైతే అదే లెమ్నాను ఆకలితో మాడుస్తుంది.

టీబీబీపీఏ కోసం చూస్తుంటే పీహెచ్ రాసుకోండి. పీహెచ్ 6.5 దగ్గర ఇది 90 శాతానికి పైగా విద్యుదావేశం లేని రూపంలో ఉంటుంది, మొక్కలోకి దూరేది ఆ రూపమే. 8 దగ్గర ఆ వాటా 20 శాతానికి పడిపోతుంది. నాచు ఎక్కువున్న చెరువులో పొద్దున 7.5 ఉన్న పీహెచ్ మధ్యాహ్నానికి 9 దాటుతుంది. బీకర్‌లో కూడా లెమ్నా కార్బన్ డయాక్సైడ్ లాగేసి పీహెచ్ పెంచుతుంది. కంట్రోల్‌లో 1.5 యూనిట్ల కంటే ఎక్కువ జరిగితే అనుమానించండి.

ల్యాబ్‌ని అడిగేటప్పుడు "బ్రోమిన్ ఉందా" అని కాదు, బీడీఈ-209 విడిగా కొలుస్తారా అని అడగండి. మామూలు 30 మీటర్ల గ్యాస్ క్రొమటోగ్రఫీ (పదార్థాలను ఆవిరిగా మార్చి విడదీసే పద్ధతి) కాలమ్‌లో అది వేడికి విరిగి తక్కువ చూపిస్తుంది. 15 మీటర్ల పొట్టి కాలమ్, పలచని పూత కావాలి. హెచ్‌బీసీడీకి గ్యాస్ పద్ధతి పనికిరాదు, 160 డిగ్రీలు దాటితే దాని మూడు రూపాలు ఒకదానిలోకి ఒకటి మారిపోతాయి. దానికి లిక్విడ్ క్రొమటోగ్రఫీ. డబ్బు తక్కువైతే ముందు బురదలో రాగి, యాంటిమనీ కొలిపించండి. కాలువ మూలన యాంటిమనీ ఎక్కువ, అలుగు దగ్గర తక్కువ ఉంటే టీవీ డబ్బాల బూడిద చేరిందనడానికి చవకైన సూచన అది.

---

గట్టుమీద:

అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. లెమ్నాకి బదులు అజొల్లా వాడొచ్చా? అది ఇక్కడ పాడి రైతుల దగ్గర సులువుగా దొరుకుతుంది. రెండోది, ఇంటర్నెట్‌లో చదివిన ఒక పేపర్‌లో హెచ్‌బీసీడీ లీటరుకు 10 మిల్లీగ్రాములు వేసి లెమ్నా మీద ప్రభావం చూపించారు. అంటే మన చెరువులో ప్రభావం ఉండదనేనా?

---

పలుచనిద్రావణం:

అజొల్లా వద్దు. దాని రేకుల్లో నత్రజని తయారుచేసే సయనోబ్యాక్టీరియా కాపురం ఉంటుంది. పెరుగుదల తగ్గితే ఫెర్న్ దెబ్బతిందో, లోపలి అద్దెదారు దెబ్బతిన్నాడో విడదీయలేరు. పైగా మడులకు సూపర్ ఫాస్ఫేటూ పేడా వేస్తారు. అందులోంచి తెచ్చినది తిన్నగా పరీక్షకు పనికిరాదు.

ఆ పేపర్ సంగతి. హెచ్‌బీసీడీ మూడు రూపాలూ కలిపి నీళ్లలో కరిగేది లీటరుకు 66 మైక్రోగ్రాములు. 10 మిల్లీగ్రాములు వేస్తే నూటికి తొంభై తొమ్మిది పాళ్లు అడుగున తెల్లని పొడిగానో, గాజుకి అంటుకునో ఉంటుంది. ఆ ప్రభావం పొడి రేకుల మీద పేరుకున్నందుకు వచ్చిందో, కరిగించడానికి వాడిన ద్రావకం వల్ల వచ్చిందో చూడాలి. ద్రావకం లీటరుకు 0.1 మిల్లీలీటరు దాటకూడదు, ద్రావకం మాత్రమే ఉన్న కంట్రోల్ విడిగా ఉండాలి. నీళ్లలో ఎంత ఉందో కొలవకుండా వేసిన మోతాదునే రాసిన పేపర్ల నుంచి మీ చెరువుకు అటు గానీ ఇటు గానీ ఏమీ చెప్పలేం. బురదలో అతుక్కునే వాటికి లెమ్నా సరైన మొక్కే కాదు. వాటికి మైరియోఫిల్లమ్ అనే నీటి మొక్కని బురదలో నాటి 14 రోజులు చూసే ఓఈసీడీ 239 ఉంది. కృత్రిమ బురదలో మూడొంతులు ఇసుక, 20 శాతం కయోలిన్ మట్టి, 4 నుంచి 5 శాతం పీట్. పదార్థాన్ని ముందు కొద్దిపాటి ఇసుకకు పట్టించి, ద్రావకం ఆరిపోయాక మిగతా దాంట్లో కలపాలి.

---

జమ్ముగడ్డి:

పూడిక గురించి ఎవరూ చెప్పలేదు, అసలు తొందర దానికే ఉంది. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక పూడిక మట్టిని పొలాలకు తోలుకోవడం తెలంగాణలో బాగా పెరిగింది. మామూలు చెరువుకి అది మంచి పనే. ఈ చెరువులో కాలువ మూల మట్టిని మాత్రం ఫలితం వచ్చేదాకా ట్రాక్టర్ ఎక్కనివ్వకండి. డెకా లాంటివి మట్టిలో ఏళ్ల తరబడి ఉంటాయి, రాగి అసలు పోదు. ఒక్కో లోడు ఒక్కో మడిలో కలిపేశాక వెనక్కి తీయడం ఎవరి వల్లా కాదు. మూల చుట్టూ కర్రలు పాతి హద్దు గీసి, ఆ భాగాన్ని వదిలి మిగతా చెరువులో పని చేసుకోమని ఇరిగేషన్ ఏఈ గారికి రాతపూర్వకంగా ఇవ్వండి. నీళ్లుండగా అక్కడ జేసీబీ దింపితే బురద లేచి చెరువంతా పరుచుకుంటుంది, ఇప్పుడు బాగున్న సెరాటోఫిల్లమ్ కూడా అప్పుడు పోతుంది.

ఆ మూలన తేలే లెమ్నా, గుర్రపుడెక్క తీసి బాతులకో బర్రెలకో వేయకండి, గడ్డిచేపల గుంటలోనూ వద్దు. కంపోస్టు గుంతలో వేస్తే అందులో ఉన్నదంతా పొలానికే పోతుంది. తీసినవి ఆరబెట్టి, గోనె సంచుల్లో కట్టి, బూడిదతో పాటే అప్పగించేలా పక్కన పెట్టండి. కాల్చవద్దు.

ఈలోగా బూడిద గుట్ట చుట్టూ అడుగున్నర ఎత్తు మట్టి కట్ట పోయించి, మీద టార్పాలిన్ కప్పించండి. నమూనాలు తీయాల్సింది కట్ట పోశాక కాదు, ముందే. తొలకరి కొట్టిన మొదటి గంటలో కాలువలో దిగే నల్లనీళ్లు ఒక లీటరు గాజు సీసాలో పట్టి, రేకు చుట్టి, ఐస్ పెట్టెలో పెట్టుకోండి. ఏడాది మొత్తంలో విషం అన్నిటికంటే చిక్కగా ఉండేది ఆ సీసాలోనే.